నాలుగో సీసా

విశాఖపట్నం,
మే 4, 2024.

ప్రియమైన అబిగయీలక్కకి,

పెట్టె అందిందా? బస్సువాళ్లు కావలిలో దించి ఫోను చేస్తామన్నారు. లోపల ఆరు సీసాలు, ఒక గొట్టం, చెంచా, ఐసు సంచులు ఉంటాయి. నెల్లూరు హాస్టల్లో నా తలలో పేలు చూస్తూ నాచేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న దానివి. నీకు నేను పని చెప్పాల్సి రావడం నాకే నవ్వుగా ఉంది. అయినా చెబుతాను, కోపం తెచ్చుకోకు.

ఏప్రిల్లో నేను వచ్చినప్పుడు ఆండ్రూ బావ పడవలో తిరిగి మీ ఉప్పునీటి సరస్సులో ఆరు చోట్ల ఎర్రగుడ్డ కట్టిన గడలు పాతాం కదా. నెలకోసారి, రెండో వారంలో, ప్రతి గడ పక్కనా గొట్టం దించి బురద తియ్యాలి. అందులో పైపొర, ఒక వేలి మందం మాత్రమే, చెంచాతో సీసాలో వెయ్యి. మాకు కావలసింది ఆ పొరే. రాలిన మడ ఆకు, చచ్చిన నాచు, చేప పొలుసు, అన్నీ కుళ్లి అడుగుకి చేరి కర్బనంగా మిగులుతాయి. గాలిలోకి పోనివ్వకుండా మీ బురద ఎంత కర్బనాన్ని పట్టి ఉంచుతోందో కొలవడమే నా పరిశోధన. మా అమ్మకి ఇదే చెబితే, "ఈ బురద కోసమా అల్లూరులో మన వరి కయ్యల్లో బురద వదిలేసి పొయ్యినావు" అంది.

రెండు నియమాలు ఉన్నాయి. ఏ సీసా ఖాళీగా రాకూడదు. ఒక్కటి ఖాళీగా వచ్చినా ఆ నెల లెక్కంతా చెడుతుందని మా సార్ పట్టుదల. రెండోది, ప్రతి పెట్టెలో నీ చేతిరాతతో ఉత్తరం ఉండాలి, ఎక్కడ ఎప్పుడు తీశావో రాసి. ఫోనులో చెప్పిన మాటకి ఆయన ఫైల్లో చోటు లేదు. ఉత్తరం ఎలాగూ రాస్తావు కనక నాలుగు కబుర్లు కూడా రాయి. అవి నాకు.

నీ
వినీల


మడపాళెం,
మే 14.

వినీలకి అక్క రాసేది,

నాకే నియమాలు పెట్టేంత దానివైనావన్నమాట. సరే మేడం. నిన్న పొద్దున ఆటుకి నీళ్లు తగ్గినాక నేనూ ఆండ్రూ పొయ్యినాం. ఆరు చోట్లా గొట్టం దించినాం. పైకి లాగేసరికి నా నడుం నాది కాకుండా పొయ్యింది. నువ్వు మాత్రం అక్కడ ఫ్యాను కింద కూర్చుని చెంచాడు మట్టి తూకం వేస్తావు.

అన్నిట్లోకీ నాలుగో చోటు బురద వేరు. నీళ్లలో వరసగా పాతిన తాటి గుంజలు దాటినాక, నడిమి నీళ్లలో ఉందే, ఆ గడ. అక్కడ బురద నల్లగా, వెన్న మాదిరి ఉంటది. చేతికి అంటితే కుంకుడుకాయతో తోమినా పోలేదు. రొయ్య కూడా అక్కడే పడతది. మా ఇంటికి ఏడాదంతా కూడు పెట్టేది ఆ నీళ్లే. నువ్వు అక్కడ గడ పాతేటప్పుడు ఆండ్రూ ఏదో అనబోయి ఊరుకున్నాడు, నీకు గుర్తుందో లేదో.

నా ఉత్తరాలు యూనివర్సిటీ ఫైల్లో పెడతారంట అని చర్చిలో అందరికీ చెప్పేసినాను. ఇంటర్‌తో చదువు ఆగిపొయ్యిన దాని చేతిరాత అంత పెద్ద చోట ఉంటదంటే, నిజం చెప్పాలంటే నాకు గర్వంగా ఉంది. అందుకే ఈసారి అక్షరాలు గుండ్రంగా రాసినాను, చూసుకో.

అక్క
అబిగయీలు


మడపాళెం,
జూన్ 12.

వినీలకి,

ఆరు చోట్లా మట్టి తీసినాం. పదకొండో తారీకు, పొద్దున ఏడున్నరకి. నాలుగో చోట కూడా గడ పక్కనే తీసినాం. నీళ్లు నడుం లోతు ఉన్నాయి. ఎండ ఎక్కువగా ఉంది. పెట్టె ఐసు కరిగేలోపల తీసుకో.

అబిగయీలు


విశాఖపట్నం,
జూలై 5, 2024.

అక్కా,

జూన్ ఉత్తరంలో ఒక్క కబురూ లేదు. ఒంట్లో బాగాలేదా? చర్చి సంగతి లేదు, బావ మీద ఫిర్యాదు లేదు, నా మీద ఎగతాళి లేదు. నువ్వు రాసిన ఉత్తరంలాగే లేదు.

ఇంకో సంగతి. మట్టిని ఎండబెట్టి, పొడి చేసి, గుల్లల సున్నం పోయేలా ఆమ్లంతో కడిగి, తర్వాత కాల్చి కర్బనం చూస్తాం. నాలుగో చోట మేలో వందకి మూడు పాళ్ల పైన వచ్చింది. జూన్‌లో ఒక పాలు కూడా రాలేదు. మిగతా అయిదూ మారలేదు. ఆ పైపొర పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది, నెలలో మాయమయ్యేది కాదు. సీసాలు ఏమైనా తారుమారయ్యాయా? గుర్తు చేసుకుని రాయి. ఈసారి గడ పక్కన పడవ ఆపి ఫోనులో ఒక ఫొటో తీసి పంపు.

వినీల


మడపాళెం,
జూలై 13.

వినీలకి,

సీసాలు తారుమారు కాలేదు. అంకెలు చదవడం నాకు వచ్చు. ఫొటో అడిగినావు. ఫోను నీళ్లలో పడితే కొత్తది కొనే స్తోమత లేదని ఆండ్రూ దాన్ని పడవ ఎక్కించడు. ఈసారి నాలుగో గడ దగ్గర గొట్టం నేనే దించినాను. ఒట్టేసి చెబుతున్నా. కావాలంటే వాసన చూడు, ఆ బురద వాసన నీకు తెలుసు.

నిన్ను ఒకటి అడుగుతాను. ఇంతకుముందు బాగున్నావా అక్కా అని మొదలుపెట్టేదానివి. ఇప్పుడు అంకెలతో మొదలుపెడుతున్నావు. మీ సార్ పక్కన కూర్చుని రాయిస్తున్నాడా?

అబిగయీలు


విశాఖపట్నం,
సెప్టెంబరు 4, 2024.

అబిగయీలు గారికి,

నాలుగో స్థలం ఫలితాలు ఇవి. మే 3.2, జూన్ 0.7, జూలై 3.1, ఆగస్టు 0.6. అన్నీ వందకి ఇన్ని పాళ్లు.

ఒక నెల ఉండి, ఒక నెల పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోయే కర్బనం ఈ భూమ్మీద ఎక్కడా లేదు. జూన్, ఆగస్టు సీసాల్లో ఉన్నది గుల్ల కలిసిన ఇసక. జూలైలో మీరు "ఈసారి ఒట్టు" అని రాశారు. మిగతా నెలలకి ఒట్టు ఎందుకు లేదో నేను అడగను. అడిగినా మీరు ఏం రాస్తారో తెలుసు. గడ పక్కనే తీసినాం అని రాస్తారు. జూన్‌లోనూ ఆ మాటే, ఆగస్టు పెట్టెలో వచ్చిన ఉత్తరంలోనూ అచ్చం ఆ మాటే.

ఈ పని చేసేవాళ్లని మార్చాలా అని సార్ అడుగుతున్నారు. నెలాఖరులోపల నేను జవాబు చెప్పాలి.

వినీల


మడపాళెం,
సెప్టెంబరు 13.

వినీల మేడం గారికి,

గారు అని రాసినందుకు థాంక్స్. హాస్టల్లో నీకు జ్వరమొస్తే మూడు రోజులు జావ తాగించినప్పుడు కూడా ఆ గారు లేదు.

మట్టి పంపిస్తున్నాను. ఆరు సీసాలూ నిండుగా ఉన్నాయి. నాలుగోది నల్లగా ఉంది, మూత తియ్యకముందే కనబడతది.

ఇక్కడ ఏదో జరుగుతా ఉంది. సరస్సుకి అవతల కొత్తదిబ్బ ఉంది గదా. ఆ ఊరి పెద్ద ముత్యాలయ్య నిన్న రేవులో ఎదురుపడి, పలకరిస్తే మొహం తిప్పుకున్నాడు. ఆయన పడవలోనేగా ఏప్రిల్లో నువ్వు కొత్తదిబ్బ చూడబొయ్యినావు. వాళ్ల ఆడవాళ్లు మా పడవ వంక చూసి గుసగుసలాడుకుంటున్నారు. "మన సంగతి ఎవరో అడిగినారంట" అని ఆండ్రూ అంటున్నాడు. ఎవరు అడిగినారో, ఏం అడిగినారో తెలియడం లేదు. నీకేమైనా తెలుసా?

అబిగయీలు


విశాఖపట్నం,
సెప్టెంబరు 24, 2024.

అబిగయీలు గారికి,

పెట్టె అందింది. ఫలితం వచ్చాక తెలియజేస్తాను. మీ ఊరి విషయాలు నాకెలా తెలుస్తాయి? నేను అక్కడ లేను. పరిశోధనలో ఏ సమాచారాన్నైనా ఇంకో చోట నుంచి సరిచూసుకోవడం మామూలే. దాన్ని ఎవరూ మనసుకి తీసుకోకూడదు.

వచ్చే నెల పెట్టె నేను కబురు చేసేదాకా పంపవద్దు.

వినీల


మడపాళెం,
అక్టోబరు 8.

వినీలా,

సరిచూసుకోవడం అంటే ఏమిటో మొన్న ఆదివారం తెలిసింది.

చర్చి అయినాక రెండు ఊళ్ల పెద్దలు మమ్మల్ని వలల పాక దగ్గరికి పిలిపించినారు. ముత్యాలయ్య జేబులోనుంచి రెండు కాయితాలు తీసినాడు. ఒకటి నువ్వు ఆయనకి రాసిన ఉత్తరం. రెండోది నా జూన్ ఉత్తరానికి జిరాక్స్. నా చేతిరాత. ఆయన కొడుకు హెబ్రోను గట్టిగా చదివినాడు. "నాలుగో చోట కూడా గడ పక్కనే తీసినాం." పాకలో అందరూ ఆండ్రూ వంక తిరిగినారు.

నీకు ఎందుకో అర్థం కాదు. ఇప్పుడు చెబుతాను. బయటివాళ్లకి చెప్పకూడదనేది మా కట్టుబాటు, ఇంక దాచి ఏం లాభం.

తాటి గుంజల లోపల నడిమి నీళ్లు ఏ ఒక్కరివీ కావు. వంతు నీళ్లు. అమావాస్య నుంచి అమావాస్య దాకా ఒక నెల మడపాళెం, ఒక నెల కొత్తదిబ్బ. మే మాది, జూన్ వాళ్లది, జూలై మాది, ఆగస్టు వాళ్లది. ఒకరి వంతులో ఇంకొకరు ఆ గుంజలు దాటకూడదు. వల సంగతి వదిలెయ్, పడవ గడ కూడా అడుక్కి తగలకూడదు. దాటినట్టు రుజువైతే ఆ ఇంటికి ఏడాది వంతు ఉండదు. దురాయి పెడతారు. అంటే ఆ ఏడాదంతా మాతో ఎవరూ పడవ కలపరు, మా రొయ్య ఎవరూ కొనరు. మా తాతల నాటి నుంచి ఇది ఏ కాయితం మీదా లేదు. అయినా ఎవరూ తప్పలేదు.

నువ్వు గడ పాతింది ఏప్రిల్ మొదట్లో, ఆ నెల అమావాస్యకి ముందు, మా వంతులో. జూన్‌లో పొయ్యేసరికి వాళ్ల వంతు. గుంజల బయట పడవ ఆపి, అక్కడి ఇసకమట్టి తీసి నాలుగో సీసాలో వేసినాను. ఆగస్టులోనూ అంతే. సీసా ఖాళీగా రాకూడదన్నావు. ఈ సంగతి చెబితే పని ఇంకొకరికి ఇస్తావని, నా రాత ఫైల్లోనుంచి తీసేస్తావని భయపడినాను. మట్టి మట్టే గదా, ఎవరికి తెలుస్తదిలే అనుకున్నాను. నీకు అబద్ధం రాసినాను. అది తప్పే.

ఇప్పుడు ఆ అబద్ధమే నా మెడకి చుట్టుకుంది. గుంజలు దాటలేదని నేనంటే, "నీ చేత్తో నువ్వు రాసుకున్నావు గదమ్మా" అంటాడు ముత్యాలయ్య. ఆయన తప్పు లేదు. నేనైనా అదే అంటాను. ఇరవయ్యో తారీకు ఆదివారం తీర్పు. ఆండ్రూ నాతో మాట్లాడడం మానేసినాడు.

నన్ను నమ్మకపోతే పో. నన్ను అడిగి ఉండాల్సింది. ఇంకో నాలుగు మాటలు గట్టిగా అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. నా రాతని కాపీ తీసి నాకు తెలియకుండా ఇంకొకరికి పంపడానికి నీకు చేతులెట్లా వచ్చినాయి?

అబిగయీలు


విశాఖపట్నం,
అక్టోబరు 12, 2024.

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ల్యాబుకి వెళ్లలేదు. సెప్టెంబరు నెలాఖరులో, మీ ఊరి విషయాలు నాకెలా తెలుస్తాయి అని రాసినప్పుడు నేను కూడా అబద్ధమే రాశాను. అప్పటికి ముత్యాలయ్య గారికి ఉత్తరం వెళ్లి మూడు వారాలయింది. జూన్ పదకొండున అబిగయీలు పడవ నాలుగో గడ దగ్గరకి వచ్చిందా లేదా చెప్పండి అని అడిగాను. నువ్వు ఇంట్లో కూర్చుని పెరటి మట్టి నింపుతున్నావని నా అనుమానం. ఆ ప్రశ్న అక్కడ ఎలా వినబడుతుందో నాకు తట్టనేలేదు. సిగ్గుగా ఉంది.

ఈ ఉత్తరంతోపాటు ఒక కాయితం పంపుతున్నాను. సార్ సంతకం, యూనివర్సిటీ ముద్ర ఉన్నాయి. అందులో ఏముందో నీకు విడిగా చెబుతాను. ఏప్రిల్లో గడలు పాతిన రోజున నాలుగో గడ నుంచి గుంజల బయటిదాకా పడవ పొడవుకొక చోట మట్టి తీసుకున్నాను, నీకు గుర్తుండే ఉంటుంది, ఎందుకింత చాదస్తం అని తిట్టావు. ఆ అంకెలు ఇన్నాళ్లూ నా దగ్గరే ఉన్నా నీ సీసాలతో పోల్చి చూడలేదు. గుంజల లోపల ఎక్కడ తీసినా 2.8కి తగ్గలేదు. బయట అడుగు పెట్టగానే 0.7. జూన్, ఆగస్టు సీసాల్లో ఉన్నది 0.7, 0.6. ఆ మట్టి గుంజల లోపలిది కాదు. అయ్యే వీలే లేదు. మీ వంతు నెలల్లో పంపిన మట్టి మాత్రం లోపలిదే.

ఈ కాయితం కోసం సార్‌కి అంతా చెప్పాల్సి వచ్చింది. మనిషిని మార్చాలా అని అడుగుతూనే, ఆ హెచ్చుతగ్గులు వానాకాలం తెచ్చిన మార్పు అని రాసేద్దామని ఆయన అప్పటికే ఒక వ్యాసం మొదలుపెట్టారు. అది ఆగిపోయింది. నాలుగో స్థలం మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి, నాకు ఏడాది వెనక్కి పోయింది. దాని గురించి నువ్వేం బాధపడకు. తప్పుడు అంకెకి కారణం వెతకకుండా మనిషిని వెతికాను, అందుకు ఇది తక్కువే.

తీర్పు రోజున రమ్మంటే వస్తాను. వద్దంటే రాను.

వినీల


మడపాళెం,
అక్టోబరు 24.

వినీలా,

నువ్వు రాకపోవడమే మంచిదైంది. నువ్వొచ్చి ఉంటే నేర్పించి తెచ్చినానని అనేవాళ్లు.

హెబ్రోను నీ కాయితం రెండుసార్లు చదివినాడు. కర్బనం అంటే ఏమిటని ఒక పెద్దాయన అడిగినాడు. బురదలో నలుపు అని చెప్పినాను. ముత్యాలయ్య అంకెలు నమ్మలేదు. "ముద్ర ఉంటే సరిపొయ్యిందా, యంత్రానికి మా నీళ్లు తెలుసా" అన్నాడు. వాళ్ల వంతే గదా నడుస్తున్నది, లేచి తన పడవ తీసినాడు. అందరం ఒడ్డున నిలబడి చూసినాం. గుంజల లోపల ఒక పిడికెడు, బయట ఒక పిడికెడు తెచ్చినాడు. రెండు చేతుల్లోనూ వేళ్ల మధ్య నలిపినాడు. తర్వాత నన్ను అడిగినాడు, నువ్వు సీసాలో వేసిన మట్టి వేళ్లకి ఎట్లా తగిలిందమ్మా అని. గరగరలాడింది, మధ్యలో చిన్న గుల్లలు ఉన్నాయి, తెల్లవి, అన్నాను. ఆయన బయటి పిడికిలి తెరిచి అందరికీ చూపించినాడు.

"ఈమాత్రానికి విశాఖపట్నం దాకా పోవాల్నా. నన్నడిగితే చెప్పేవాణ్ణి గదా" అన్నాడు.

మరి అబద్ధం ఎందుకు రాసినావని మా ఊరి పెద్ద కోప్పడినాడు. నీళ్ల దగ్గర తప్పు చెయ్యలేక కాయితం మీద చేసినాను అన్నాను. మా వంతు మాకు ఉంది. దురాయి లేదు. ఇంటికొచ్చినాక ఆండ్రూ అన్నం పెట్టమన్నాడు, పద్నాలుగు రోజుల తర్వాత.

నీ మీద కోపం పోలేదు, వినీలా. పొయ్యిందని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతది. నీకు ఏడాది పొయ్యినందుకు బాధగానే ఉంది, కాదనను. కానీ నీ ఉత్తరం కనబడితే ఇప్పుడు ముందు వెనక్కి తిప్పి చూస్తున్నాను, ఇంకెవరికి పోతదో అని. అది ఎప్పటికి పోతదో నాకు తెలియదు. ఈ ఉత్తరం మాత్రం ఎన్ని కాపీలైనా తీసుకో, ఎవరికైనా పంపు.

నువ్వు కబురు చెయ్యకపోయినా ఈ నెల పెట్టె పంపుతున్నాను. ఇరవైమూడో తారీకు పొద్దున, అయిదు చోట్ల తీసినాం. వాళ్ల వంతులో తానే మట్టి తీసిస్తానని ముత్యాలయ్య కోడలు అంది. వాళ్ల పెద్దలు ఒప్పుకుంటే డిసెంబరు నుంచి చూద్దాం. ఈ నెలకి నాలుగో సీసా కడిగి, ఆరబెట్టి, మూత బిగించి అట్లాగే పెట్టినాను. మిగతా వాటి మాదిరే దానిమీదా చీటీ అంటించినాను. మీ సార్ చదవగలిగేటట్టు గుండ్రంగా రాసినాను: నాలుగో గడ, అక్టోబరు, మా వంతు కాదు.

అబిగయీలు